మడత

వంతెనకి ఇవతల ఆల్బరీ, అవతల వొడోంగా.
నిన్నటిదాకా రెండు పేర్లున్న ఒకే ఊరు.
పాలు అక్కడ చవక, పెట్రోలు ఇక్కడ చవక,
అంతే తేడా అనుకుని పదకొండేళ్ళు తిరిగాను.

జులైలో ఒక మంగళవారం అర్ధరాత్రి
వంతెన మీద నారింజరంగు శంకువులు మొలిచాయి.
"పర్మిట్?" అంది పోలీసు టార్చి.
ఫోన్ చూపించాను. కారద్దం మీద నా ఊపిరి ఆవిరి.
ఇక్కడ జులై అంటే చలి.

అప్పుడే తెలిసింది నాకు,
గీత నది నడుమ లేదట,
దక్షిణపు గట్టు పైఅంచున ఉందట.
నీళ్ళన్నీ ఒక ప్రభుత్వానివి,
తడవని గట్టు ఇంకో ప్రభుత్వానిది.
వొడోంగా పిల్లాడు రేవులో కాళ్ళు ముంచితే
మోకాళ్ళ కింద పరాయి రాష్ట్రం.

మా చాకిరేవు ఆసుపత్రి వెనక, వొడోంగా వైపు.
రెండు ఒడ్డుల దుప్పట్లూ ఇక్కడికే వస్తాయి.
వాటికి పర్మిట్ అక్కర్లేదు.
ఎవరి జ్వరం ఎవరిదో అడక్కుండా
డెబ్భై ఒక్క డిగ్రీల నీళ్ళు
అన్నిటినీ ఒకేలా ఉతుకుతాయి.

ఇందుజది తొమ్మిదో తరగతి. బడి ఇప్పుడు వంటింటి బల్ల మీద.
"అమ్మా, ఏ రకం ప్రభుత్వం మహమ్మారిని బాగా ఎదుర్కొంది?
శుక్రవారానికి రాయాలి. మూడు గడులు:
ప్రజాస్వామ్యం, రాచరికం, ఒకే పార్టీ."
స్కేలు పెట్టి గీసింది, నీట్‌గా.
"మా వాళ్ళని అడిగి చెప్తానే" అన్నాను.

టీ వేళ అడిగాను.
కాంగో నుంచి వచ్చిన బహాతీ ముందు నవ్వాడు.
"ఎబోలా వచ్చినప్పుడా? ప్రభుత్వం రాలేదు.
దాని జీపు వచ్చింది. ముసుగు మనుషుల్ని దింపింది.
మేం రాళ్ళు విసిరాం.
అన్నేళ్ళూ తుపాకులు తప్ప ఏమీ పంపనివాడు
సబ్బు పంపితే ఎవరు నమ్ముతారు?
చివరికి మా పాస్టరు భార్య బకెట్లో క్లోరిన్ కలిపి
చర్చి గుమ్మంలో నిలబడింది.
ఆవిడ కడుక్కోమంది. కడుక్కున్నాం."

హరిమాయ దాహాల్ టీ ఊదుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.
ఆమె పుట్టింది భూటాన్‌లో.
"అక్కడ రాజుగారే కొండలెక్కి సరిహద్దు చూసొస్తున్నారట.
ఇంతవరకూ ఒక్క మనిషీ పోలేదట."
గర్వంగానే అంది. అదే నాకు అర్థం కాలేదు.
తర్వాత కప్పు కడుగుతూ,
"చాలా జాగ్రత్తగా లెక్కపెడతారు మా దేశంలో.
నాకు ఏడేళ్ళప్పుడూ లెక్కపెట్టారు.
మేం మిగిలిపోయాం. లారీ ఎక్కించారు."
ఆ తర్వాత శిబిరంలో పద్దెనిమిదేళ్ళు.
అది ఆమె చెప్పలేదు, బహాతీ చెప్పాడు.

ఆ వారం చివర గీత జరిగింది.
హరిమాయ అద్దె ఇల్లు
రెండు కిలోమీటర్ల తేడాతో పటం బయట పడింది.
పదహారు రోజులు ఆమె షిఫ్టు మేం పంచుకున్నాం.
ఫోన్ చేస్తే, "ఇది చిన్న గీతేలే" అంది.
"దీనికి ఫారం ఉంది. గంటసేపు పాట వినిపించాక
ఎవరో ఒకరు ఎత్తుతారు. సారీ చెప్తారు."
కాసేపాగి మళ్ళీ అంది,
"సారీ చెప్పారు."

ఇందుజకి ఇదంతా చెప్పాను.
స్కేలు పక్కన పెట్టి,
"ఆంటీని ఏ గడిలో వెయ్యను?" అంది.
కూర మాడుతోందని లేచాను.

ఆమె తిరిగొచ్చిన రోజు మడత యంత్రం మొరాయించింది.
చెరో కొసా పట్టుకున్నాం.
మీటరున్నర ఎడం అని గోడ మీద రాసుంది.
దుప్పటి అంతకంటే పొడవే, చట్టానికేం ఢోకా లేదు.
మొదటి మడత. రెండో మడత.
మూడోదానికి మూలలు కలవాలంటే
ఎవరో ఒకరు నడిచి రావాలి.
సూపర్‌వైజర్ గ్లెనిస్ అటు తిరిగి
ఏదో పద్దు రాసుకుంటోంది,
చాలా శ్రద్ధగా.
ఇంకా నూట నలభై దుప్పట్లున్నాయి.